బానెట్ ఎత్తితే నాకే సిగ్గేస్తోంది. ఇంజన్‌కి మెరుపు ఎలా తెప్పించాలి?

ప్రశ్న: నమస్తే అండి. నా దగ్గర 2013 మోడల్ మారుతి స్విఫ్ట్ పెట్రోల్ కారు ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఈ మధ్య పాలిష్ కొట్టించాక పైకి కొత్తదానిలా ఉంది కానీ, బానెట్ ఎత్తితే మాత్రం నాకే సిగ్గేస్తోంది. ఇంజన్ నిండా జిడ్డు, దుమ్ము అట్టకట్టాయి. బ్యాటరీ మీద తెల్లగా, పచ్చగా ఏదో పేరుకుంది. ప్లాస్టిక్ అంతా వెలిసిపోయి బూడిద రంగుకి వచ్చింది. సైలెన్సర్ మొదలయ్యే చోట రేకు తుప్పు పట్టింది. మా ఇంటి పక్కనే రైస్ మిల్లు. ఊక నుసి, ఎలుకలు రెండూ ఎక్కువే. వాటర్ సర్వీసింగ్ అతను 1,200 రూపాయలిస్తే డీజిల్ కొట్టి కడిగి, పైన వార్నిష్ లాంటిది కొడతానంటున్నాడు. అద్దంలా మెరుస్తుందట. మా బావమరిదేమో ఎర్ర పైపులు, క్రోమ్ మూతలు వేయిద్దాం బావా అంటున్నాడు. మా నాన్నగారు ఇంజన్ మీద చుక్క నీళ్ళు పడనివ్వొద్దంటారు. వచ్చే ఏడాది కారు అమ్మే ఆలోచన కూడా ఉంది. ఏం చేయమంటారు?
– పేరు వద్దు, తణుకు

జవాబు: ముందు ఆ వాటర్ సర్వీసింగ్ అతనికి మర్యాదగా వద్దని చెప్పేయండి. డీజిల్‌కి జిడ్డు వదలదని కాదు, బ్రహ్మాండంగా వదులుతుంది. లారీలకీ ట్రాక్టర్లకీ ఎన్నో ఏళ్ళుగా అలాగే చేస్తున్నారు. చిక్కంతా ఆ తర్వాతే. రేడియేటర్‌కి వెళ్ళే నల్ల రబ్బరు పైపులను మామూలుగా ఈపీడీఎం అనే రకం రబ్బరుతో చేస్తారు. మరిగే కూలెంట్‌ని, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవాన్ని, ఏళ్ళ తరబడి తట్టుకునే ఆ రబ్బరు డీజిల్, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఒక్కసారికే పైపు పగిలిపోదు గానీ, ప్రతి సర్వీసింగ్‌కీ కొట్టిస్తూ పోతే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. పైగా డీజిల్ పెట్రోల్‌లా ఇట్టే ఆవిరైపోదు. సందుల్లో పల్చటి పొరలా ఉండిపోతుంది. మీ పక్కనే రైస్ మిల్లు అన్నారు కదా, ఆ పొర మీద ఊక నుసి పడిందంటే కొద్దిరోజుల్లోనే ఇప్పటికంటే అధ్వాన్నంగా తయారవుతుంది. కారు లోపలికి వచ్చే బయటి గాలి వైపర్ల కింద ఉన్న జాలీలోంచే వస్తుంది కాబట్టి కొన్నాళ్ళపాటు కార్లో డీజిల్ వాసన కూడా తప్పదు.

వార్నిష్ సంగతి ఇంకా ఘోరం. కొట్టిన రోజు నిజంగానే అద్దంలా ఉంటుంది. వేడికి అది పసుపురంగుకి తిరిగి, వేడి ఎక్కువగా ఉండే చోట పొట్టులా లేస్తుంది. కరెంటు కనెక్టర్ల మీద పడితే రేపు మెకానిక్ వాటిని ఊడదీయబోయినప్పుడు క్లిప్పులు పటుక్కున విరుగుతాయి. వీటన్నిటికంటే ముఖ్యంగా, మీరు వచ్చే ఏడాది అమ్మాలనుకుంటున్నారు. కొనడానికి వచ్చేవాళ్ళు వెంట ఒక మెకానిక్‌ని తెచ్చుకుంటారు. పదేళ్ళు దాటిన ఇంజన్ తళతళలాడుతుంటే అతనికి మొదట వచ్చే అనుమానం ఒక్కటే, ఆయిల్ లీకేజీ ఏదో దాస్తున్నారని. మీరు డబ్బు పెట్టి మరీ ఆ అనుమానం కొని తెచ్చుకున్నట్టవుతుంది.

కాబట్టి మెరుపు మాట మర్చిపోండి. మీ బానెట్ కింద శుభ్రంగా, పొడిగా ఉండాలి, కంపెనీ నుంచి వచ్చినప్పటి రంగుల్లోనే ఉండాలి. నల్ల ప్లాస్టిక్ నల్లగా, అల్యూమినియం తన సహజమైన మాసిన వెండి రంగులో, పైపులు పైపుల్లా కనబడితే చాలు. దీనికి రెండు ఆదివారాలు, మామూలు సామాను సరిపోతాయి. కాకపోతే ఒక వరస పాటించాలి. కడగడంతో మాత్రం మొదలుపెట్టకండి.

ఎందుకంటే ఆ జిడ్డు ఊరికే రాదు. దుమ్ము దానంతటదే అట్టకట్టదు, కింద తడి ఉంటేనే కడుతుంది. ఆ తడి ఎక్కడి నుంచి వస్తోందో కడిగే ముందే చూడాలి, కడిగేస్తే ఆనవాలు పోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మంచి టార్చి లైటు తీసుకుని, జిడ్డు ఉన్న చోటి నుంచి కళ్ళతో పైకి వెళ్ళండి. ఆయిల్ కిందికి కారుతుంది, ఫ్యాను గాలికి వెనక్కి పాకుతుంది. అంచేత అన్నిటికంటే ఎత్తున ఉన్న తడి మరకే అసలు చోటు. పెట్రోల్ కార్లలో మామూలుగా మొదట అనుమానించాల్సింది ఇంజన్ నెత్తిన ఉన్న టాపెట్ కవర్ ప్యాకింగ్‌ని. వేడికి ఆ రబ్బరు గట్టిపడిపోయి అంచుల వెంబడి ఆయిల్ చెమర్చుతుంది. ప్యాకింగ్ మార్చడం పెద్ద పనేం కాదు, మెకానిక్ ఒక పూటలో చేసేస్తాడు. మార్చకుండా కడిగితే మాత్రం మళ్ళీ మొదటికే వస్తారు. ఆ ఆయిల్ వేడి సైలెన్సర్ మీద పడితే మాడు వాసన వస్తుంది, మరీ ఎక్కువైతే మంట కూడా లేస్తుంది. అప్పుడది అందం సమస్య కాదు.

ఆయిలేనా, ఇంకేమైనా కారుతోందా అన్నది మరక చూస్తే తెలిసిపోతుంది. నల్లగా, గోధుమరంగులో జిగటగా ఉంటే ఆయిల్. పైపుల చివర క్లిప్పుల దగ్గర ఆకుపచ్చగానో గులాబీగానో తెల్లటి పొడిలానో ఎండి ఉంటే కూలెంట్. డ్రైవర్ ఎదురుగా వెనక గోడ దగ్గర బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంటుంది. దాని కింద రంగు బొబ్బలెక్కి లేచిపోయి ఉంటే అక్కడ బ్రేక్ ఆయిల్ కారిందన్నమాట. రంగుని తినేసే గుణం దానికి ఉంది. అది కనబడితే శుభ్రం చేసే పని పక్కన పెట్టి, అదే రోజు కారు మెకానిక్‌కి చూపించండి. పెట్రోల్ వాసన వచ్చినా అంతే, బ్రష్ కింద పెట్టేయండి.

ఇక బ్యాటరీ. మీరు రాసిన ఆ తెల్లటి, పచ్చటి పదార్థం చిలుము. బ్యాటరీ లోపలి ఆమ్లపు ఆవిరి పైకి వచ్చి సీసంతోనూ రాగితోనూ కలిసి పేరుకున్న లవణాలవి. చేతికి గ్లౌజులు, కళ్ళకి ఏదో ఒక అద్దాలు పెట్టుకోండి. బీడీ, సిగరెట్టు దగ్గరికి రానివ్వకండి, ఎందుకంటే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంటుంది. తాళం తీసేసి, 10 నంబరు స్పానర్‌తో ముందు మైనస్ వైపు విప్పండి, తర్వాతే ప్లస్. ఈ వరస ఎందుకంటే, మైనస్ బిగించి ఉండగా ప్లస్ విప్పుతూ స్పానర్ పొరపాటున బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివరికి మైనస్.

ఇప్పుడు ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల వంట సోడా కలిపి పాత టూత్ బ్రష్‌తో ఆ చిలుము మీద రాయండి. బుసబుసా నురగ వస్తుంది. నురగ వస్తున్నంతసేపూ అక్కడ ఇంకా ఆమ్లం ఉన్నట్టే, మళ్ళీ రాయాలి. నురగ ఆగిపోయాక తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. సోడా నీళ్ళు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు, పోతే లోపలి ఆమ్లం చెడిపోతుంది. వైర్లు బిగించేశాక పైన పల్చగా వాజలీన్ రాస్తే మళ్ళీ తొందరగా పట్టదు. బిగించాక రాయాలి, ముందు కాదు. వైర్లు ఊడదీసినందుకు గడియారం, రేడియో స్టేషన్లు మళ్ళీ సెట్ చేసుకోవాల్సి వస్తుంది.

బ్యాటరీ తీసినప్పుడే దాని కింద పళ్ళేన్ని కూడా చూడండి. ఆమ్లం పడి రేకు తుప్పు పట్టి ఉండొచ్చు. సోడా నీళ్ళతోనే కడిగి, ఎమరీ పేపర్‌తో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద నల్ల రంగు. మొత్తం బానెట్ కింద మీరు ధైర్యంగా రంగు వేయగలిగిన చోటు ఇదొక్కటేనని నా అభిప్రాయం. ఇంకో మాట. బ్యాటరీ కదలకుండా పట్టుకునే క్లాంపు ఉందా, లేక తాడుతో కట్టారా? సెకండ్ హ్యాండ్ కార్లలో నైలాన్ తాడు కట్టి వదిలేసినవి బోలెడు కనబడతాయి. ఆ తాడు తీసి అసలు క్లాంపు వేస్తే చూపుకి ఎంత తేడా వస్తుందో మీరే చూస్తారు. క్రోమ్ మూతలు పది వేసినా రాని అందం అది.

ఎలుకల విషయానికి వస్తే, మీ ఊళ్ళో, అందునా మిల్లు పక్కన, అవి రాకుండా ఆపడం కష్టం. రాత్రిపూట వెచ్చగా ఉంటుందని బానెట్ కిందికి చేరతాయి. వైపర్ల కింది జాలీలో, ఎయిర్ ఫిల్టర్ డబ్బా చుట్టూ, బానెట్ లోపలి మెత్త చాటున వెతకండి. ఊక, గుడ్డపీలికలు, రెట్టలు కనబడితే పొడిగా ఊడవొద్దు, కంప్రెసర్ గాలి కొట్టించొద్దు. ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మనవాళ్ళు ఎలుక జ్వరం అనేది అదే. మాస్కు, గ్లౌజులు వేసుకుని, బ్లీచింగ్ కలిపిన నీళ్ళు చిలకరించి, నానాక తడిగానే ఏరి కవర్లో కట్టి పారేయండి. తర్వాత వైర్లన్నీ వేలితో తడుముతూ వెళ్ళండి. కొరికిన చోట రాగి తీగ బయటపడి ఉంటే ఎలక్ట్రీషియన్‌తో అతుకు వేయించాలి. ఉత్త టేపు చుట్టి వదిలేయకండి. పొగాకు కాడలు, నాఫ్తలిన్ ఉండలు కట్టేవాళ్ళున్నారు. కొన్నాళ్ళు పనిచేస్తాయి, వాసన పోగానే ఎలుకలు మళ్ళీ వస్తాయి. బానెట్ కింద తిండి గింజ, మెత్తటి గూడు లేకుండా చూసుకోవడమే వీటికంటే మేలు.

ఊక నుసి ఎక్కువగా చేరేది ఇంజన్ మీద కాదు. ముందు గ్రిల్ వెనకాల, ఏసీ కండెన్సర్ రేకుల మధ్య. రోడ్ల మీద ధాన్యం ఆరబోసే రోజుల్లో ఆ నుసి మీదుగా కార్లు నడిపే మన గోదావరి జిల్లాల్లో ఇది మామూలే. దసరాకి గ్రిల్‌కి కట్టిన బంతిపూల దండ రేకులు మరుసటి సంక్రాంతి దాకా అక్కడే ఎండి ఉండటం కూడా మామూలే. పొడిగా ఉన్నప్పుడు మెత్తటి పెయింట్ బ్రష్‌తో నిలువుగా దులిపి, వీలైతే ఇంజన్ వైపు నుంచి ముందుకి తక్కువ గాలి కొట్టించండి. ఆ రేకులు చాలా పల్చన. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే అన్నీ వాలిపోతాయి, గాలి దారి మూసుకుపోతుంది. ఇది శుభ్రం చేశాక ఏసీ చల్లదనం పెరిగితే ఆశ్చర్యపోకండి. ఎయిర్ ఫిల్టర్ కూడా అదే చేత్తో మార్చేయండి.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఆయన భయంలో నిజం ఉంది, కానీ సగమే. వర్షంలో నడిచే కారు బానెట్ కిందికి నీళ్ళు ఎలాగూ వస్తాయి, ఆ మాత్రం తడిని తట్టుకునేలాగే కనెక్టర్లకి రబ్బరు సీళ్ళు ఉంటాయి. అవి ఆగలేనిది ప్రెషర్ గన్ ధారకి. మీ కారులో నాలుగు ప్లగ్‌ల మీద నాలుగు ఇగ్నిషన్ కాయిల్స్ నేరుగా కూర్చుని ఉంటాయి, ప్లగ్‌లు లోతైన గుంటల్లో ఉంటాయి. గట్టి ధార కొడితే నీళ్ళు ఆ గుంటల్లోకి దిగి అక్కడే నిలిచిపోతాయి. స్టార్ట్ చేస్తే ఇంజన్ వణుకుతుంది, మిస్సింగ్ కొడుతుంది, డ్యాష్‌బోర్డులో ఇంజన్ గుర్తు మిణుకుమిణుకుమంటుంది. అలాగే నడిపితే మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి చేరి దాన్ని పాడుచేస్తుంది. దాని ధర వింటే ఇంజన్ ఎందుకు కడిగామా అనిపిస్తుంది. కాబట్టి గన్ వద్దు, బకెట్ నీళ్ళు దిమ్మరించడమూ వద్దు. మొక్కలకి మందు కొట్టే చిన్న పిచికారీ సీసా చాలు.

పని రోజున కారు నీడలో ఉండాలి, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి లోహం మీద చన్నీళ్ళు పడితే పగుళ్ళు రావచ్చు, సబ్బు కూడా అక్కడికక్కడే ఎండి మరకలు పడతాయి. బ్యాటరీ మైనస్ విప్పి పెట్టండి. ఫ్యూజ్ బాక్స్, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్, కాయిల్స్, ఎయిర్ ఫిల్టర్‌కి గాలి వెళ్ళే గొట్టం, ఇంజన్ కంప్యూటర్ కనెక్టర్, వీటన్నిటికీ పాలిథిన్ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేయండి. ఆయిల్ మూత, గేజ్ పుల్ల గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. చేతికి ఉంగరం, మెడలో తువ్వాలు లేకుండా దిగండి.

మొదట పొడి పని. బ్రష్‌తో, పాత బనియన్ గుడ్డతో ఎంత దుమ్ము వస్తే అంత తీసేయండి. ఇక్కడ ఓపిక పడితే తర్వాత నీళ్ళ అవసరం సగం తగ్గుతుంది. ఆ తర్వాత కార్ల దుకాణంలో దొరికే ఆల్ పర్పస్ క్లీనర్‌ని పది వంతుల నీళ్ళలో కలిపి బ్రష్ మీద కొట్టుకుని రుద్దండి. నేరుగా ఇంజన్ మీద చిమ్మకండి. మడ్డి గట్టిగా ఉన్న ఇనుప భాగాలకి మాత్రం కాస్త చిక్కగా కలుపుకోవచ్చు. మూడు నాలుగు నిమిషాలు నాననిచ్చి, ఎండిపోకముందే తడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. అల్యూమినియం మీద మాత్రం చిక్కటి డీగ్రీజర్ గానీ, బాత్రూం గచ్చు కడిగే యాసిడ్ గానీ, కాస్టిక్ సోడా గానీ తగలనివ్వకండి. క్షారమైనా ఆమ్లమైనా అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ మచ్చలు ఇక పోవు. తెల్లగా బూజులా పట్టి ఉంటే నైలాన్ బ్రష్‌తో రుద్ది, వచ్చినంత వరకు సరిపెట్టుకోండి.

ఒకేసారి అంతా తడపొద్దు. మూల మూలగా వెళ్ళండి. ఒక మూల రుద్ది, తుడిచి, ఆరబెట్టాకే రెండో మూల. గుడ్డ పట్టని సందులకి చెవి పుల్లలు, సీసాలు కడిగే సన్న బ్రష్ వాడొచ్చు. బానెట్ లోపలి వైపు, మడ్‌గార్డుల గట్లు కారు రంగులోనే ఉంటాయి కాబట్టి వాటికి కారు షాంపూయే వాడి, ఆరాక బయట కొట్టే మైనమే కొంచెం రాయండి. చాలామంది వదిలేసే చోటిది. ఇంజన్ మామూలుగా ఉన్నా ఈ గట్లు శుభ్రంగా ఉంటే మొత్తం శుభ్రంగా ఉన్నట్టే కంటికి ఆనుతుంది. బానెట్ లోపలి మెత్తని తడపకండి. చివికిపోయి, ఎలుకలు కొరికేసి ఉంటే కొత్తది వేయించండి. దాని బదులు దుప్పటి ముక్కో దూదో అంటించేవాళ్ళు ఉన్నారు. నిప్పుకి ఎదురెళ్ళడమే అది.

మురికి నీళ్ళు వీధి కాలువలోకి వదలకండి. ఆ కాలువ వెళ్ళి పంట కాలువలో కలవొచ్చు. జిడ్డుని గుడ్డలతో తుడిచే పద్ధతిలో నీళ్ళు బకెట్టుకి మించవు, ఎలాగూ.

అయ్యాక కవర్లు తీసి, సందుల్లో నిలిచిన తడిని పంక్చర్ షాపులో గాలి కొట్టించి పోగొట్టండి. బ్యాటరీ బిగించి, బానెట్ ఎత్తే ఉంచి, ఇంజన్‌ని ఒక పావుగంట అలా నడవనివ్వండి. నడుస్తున్నప్పుడు గుడ్డ పట్టుకుని తుడవబోకండి. బెల్ట్ తిరుగుతూ ఉంటుంది, రేడియేటర్ ఫ్యాను ఎప్పుడు తిరగడం మొదలెడుతుందో చెప్పలేం.

అంతా పొడిగా అయ్యాక, ముందు ఆయిల్ కారిందని అనుమానం ఉన్న చోట కొంచెం టాల్కం పౌడర్ చల్లి కారు నాలుగు రోజులు మామూలుగా వాడండి. లీకేజీ ఉంటే తెల్ల పొడి మీద నల్లటి గీత పడుతుంది, అది మొదలైన చోటుని మెకానిక్‌కి వేలుపెట్టి చూపించొచ్చు. పాత మెకానిక్‌ల చిట్కా ఇది. బెల్ట్ దగ్గర మాత్రం చల్లొద్దు.

రెండో ఆదివారం ప్లాస్టిక్ పని. వెలిసిన నల్ల ప్లాస్టిక్‌కి వాటర్ బేస్డ్ డ్రెస్సింగ్ అని దొరుకుతుంది, మెరుపు లేని రకం అడగండి. స్పాంజి మీద పోసుకుని పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలాగి మిగిలింది పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. వేలు పెడితే జిడ్డు తగలకూడదు. రబ్బరు పైపులకి కూడా ఇదే. బెల్ట్‌కి, పుల్లీలకి, సైలెన్సర్‌కి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూతకి అస్సలు అంటకూడదు. బెల్ట్‌కి అంటితే జారుతూ కిర్రుమని అరుస్తుంది. కొబ్బరినూనె, వాడేసిన ఇంజన్ ఆయిల్, టైర్ పాలిష్ వద్దే వద్దు. మీ ఊక నుసికి అంతకంటే మంచి విందు ఉండదు.

పచ్చబడిపోయిన కూలెంట్ డబ్బాని ఎంత రుద్దినా తెల్లబడదు, ఆ ప్లాస్టిక్కే వేడికి రంగు మారిపోయింది. లోపల పాచి పడితే మాత్రం గుప్పెడు బియ్యం, నీళ్ళు పోసి ఊపితే వదులుతుంది. బాగా మసకబారి లోపలి మట్టం కనబడకపోతే కొత్తది కొనేయండి, ఖరీదైన వస్తువేం కాదు. తుప్పు రంగు నీళ్ళు కనబడితే ఎవరో బోరు నీళ్ళు పోసినట్టే, కూలెంట్ మొత్తం మార్పించండి. పాత కూలెంట్‌ని గిన్నెలో పెట్టి వదిలేయకండి. తియ్యగా ఉంటుంది, విషం. పిల్లలో కుక్కలో తాగితే ప్రాణం మీదికొస్తుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకూడదని మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

వేలాడే వైర్లుంటే అవే అన్నిటికంటే ముందు కంటికి కొడతాయి. హారన్‌కీ ఫాగ్ లైట్లకీ గతంలో ఎవరో లాగిన ఎర్ర వైర్లు ఉంటే, అవి ఫ్యూజ్, రిలే మీదుగా వెళ్తున్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. నేరుగా బ్యాటరీ నుంచి లాగి ఉంటే తీయించేయండి. కార్లు తగలబడటానికి ఇలాంటి వైర్లే దారి. మిగిలిన వాటికి గీతల గీతల నల్ల ప్లాస్టిక్ గొట్టం తొడిగి, వైరింగ్‌కి వాడే గుడ్డ టేపు చుట్టండి. మామూలు ఇన్సులేషన్ టేపు ఆ వేడికి జిగురు కక్కి ఊడొస్తుంది. జిప్ టైలు నల్లవి వాడండి, కానీ బిర్రుగా లాగొద్దు. ఇంజన్ తన రబ్బర్ల మీద కదులుతూ ఉంటుంది, వైరుకి కొంచెం వదులు ఉండాలి.

తుప్పు పట్టిన సైలెన్సర్ రేకుని వదిలేయమంటాను. వందల డిగ్రీల వేడి చూసే చోటు అది, కొత్త కార్లలో కూడా కొన్నాళ్ళకి అలాగే అవుతుంది. మామూలు ఎనామిల్ రంగు వేస్తే మొదటి ప్రయాణంలోనే పొగలు కక్కుతుంది. వేడిని తట్టుకునే ప్రత్యేకమైన రంగు స్ప్రేలు ఉన్నాయి. కానీ అవి నిలవాలంటే రేకు ఊడదీసి, తుప్పు మొత్తం గీకాలి. పదేళ్ళ నాటి ఆ బోల్టులు విప్పబోతే విరగడం ఖాయమనుకోండి. అందం కోసం అంత తలనొప్పి దండగ. రేకు వదులై గలగలమంటుంటే మాత్రం బిగించుకోవాలి.

రంగు విషయంలోనే ఇంకో జాగ్రత్త. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉన్న చోట రంగు పడనివ్వకండి, రేపు పేరు మార్పిడికి ఆ అంకెలు స్పష్టంగా కనబడాలి. ఏసీ గ్యాసు పరిమాణం రాసి ఉన్న స్టిక్కర్ లాంటివి పీకకండి, వాటి చుట్టూ తుడవండి చాలు. బానెట్ కీళ్ళ బోల్టులకీ మడ్‌గార్డు బోల్టులకీ కంపెనీ రంగు కాస్త లేచిపోయి ఉందని కొత్త రంగు వేయకండి. కొనేవాళ్ళు యాక్సిడెంట్ జరిగిందా లేదా అని చూసేది ఆ బోల్టులే. కొత్త రంగు కనబడితే, జరగని యాక్సిడెంట్‌కి మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

మీ బావమరిదిని నొప్పించకుండా ఎలా చెప్తారో మీ ఇష్టం. ఎర్ర సిలికాన్ పైపులు నాసిరకానివైతే క్లిప్పుల దగ్గర కోసుకుపోయి కూలెంట్ కారుతుంది. మంచివి కొనాలంటే ఈ కారుకి అంత ఖర్చు దండగ. క్రోమ్ మూతలు మన తేమకి ఒక వానాకాలం గడిస్తే మచ్చలు పడతాయి. కారుని ప్రదర్శనలకి తీసుకెళ్ళే కుర్రాళ్ళకి అదో సరదా, కాదనను. అమ్మబోయే స్విఫ్ట్‌కి మాత్రం కొనేవాడు వాటికి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడు, పైగా ఈ కారుని కుర్రాళ్ళు తోలారనుకుంటాడు. ఆయనకి ఏదో ఒకటి చేయాలనే ఉత్సాహం ఉంటే ఆదివారం రమ్మని బ్రష్ చేతికివ్వండి, ఇద్దరు మనుషుల పనే ఇది.

అమ్మే ఆలోచన ఉందన్నారు కాబట్టి ధర విషయం కూడా చెప్తున్నాను. బానెట్ కింద శుభ్రంగా ఉన్నంత మాత్రాన రేటు పెరగదు. బేరం ఆడేవాడికి సాకులు మాత్రం తగ్గుతాయి. అమ్మే ముందు రోజు కడగకండి, కనీసం నెల ముందే చేసేసి, ఆ తర్వాత వారానికోసారి పొడిగుడ్డతో దులుపుతూ ఉండండి. పల్చటి దుమ్ము కింద పొడిగా ఉన్న ఇంజన్‌ని చూస్తే మెకానిక్ పెద్దగా ప్రశ్నలు వేయడు. టాపెట్ కవర్ ప్యాకింగ్ మార్పిస్తే ఆ బిల్లు పారేయకండి, ఆర్సీ కాగితాలతో కలిపి పెట్టి, అతను అడగకముందే చూపించండి.